కొట్టు ముందు కుప్ప

మా పెదనాన్నగారికి క్రోసూరులో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉండేది. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు నాకు అప్పగించిన పని ఒక్కటే. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కొట్టు ఊడ్చి, ఊడ్చినదంతా మెట్ల ముందు కుప్పగా పోసి, అగ్గిపుల్ల గీసి వేయడం. అట్టపెట్టెల ముక్కలు, పురికొసలు, విత్తనాల సంచుల ప్లాస్టిక్ పొరలు, గుళికల మందు ఖాళీ పొట్లాలు, అన్నీ ఆ మంటలోకే. ప్రక్క కొట్టువారి కుప్ప వారిది, ఎదుటి హోటలు వారిది వారిది. ఇంచుమించు ఒకే వేళకు బజారు పొడవునా చిన్న చిన్న మంటలు లేచేవి. దీపావళిలాగా ఉందని మురిసిపోయేవాణ్ణి. వాసన మాత్రం దీపావళిది కాదు. కళ్ళు మండుతున్నాయంటే పెదనాన్న, "మొహం కడుక్కో, అదే పోతుంది" అనేవారు.

ఆ పొగలో ఏముందో అప్పుడు నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. ఇప్పుడు తెలుసు. అయినా మా వైపు మండల కేంద్రాలలో ఏ బజారులోనైనా రాత్రి ఎనిమిది గంటలప్పుడు నడిచి చూడండి. ఆ మంటలు ఆరలేదు. పైగా కుప్పలో అట్ట తగ్గి ప్లాస్టిక్ పెరిగింది. అట్ట కాల్చేవాడు ఇప్పుడు లేడు, పాత సామాన్ల ఆటోవాడు వచ్చి కొనుక్కుపోతున్నాడు. ఇనుము, సీసాలు, గట్టి ప్లాస్టిక్ కూడా అతనికే. వాడు ముట్టనివే కుప్పలోకి వెళుతున్నాయి: బిస్కత్తు కాగితాలు, షాంపూ పొట్లాలు, పలుచని సంచులు, టీ గ్లాసులు.

కొట్టు చెత్త ఎవరిది? చాలాకాలంగా నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇది. ఇంటి చెత్తకు ఏదో ఒక సమాధానం ఉంది, అది ఎంత బాగా నడుస్తున్నదన్నది వేరే విషయం. ఆసుపత్రి చెత్తకు 2016లో వచ్చిన జీవవైద్య వ్యర్థాల నియమాలు ఉన్నాయి, రంగురంగుల సంచులున్నాయి. పెద్ద కర్మాగారానికి కాలుష్య నియంత్రణ మండలి ఉంది. ఈ మూడింటి నడుమ జారిపోయినది ఊరి బజారు.

మన భాషలో చెత్తకు దరిద్రం లేదు. కసవు, చెత్త, చెదారం, పెంట, దిబ్బ. మా వైపు ఇల్లు "కసవు ఊడుస్తారు", "కసువు చిమ్ముతారు". కసవు అంటే గడ్డి కూడాను. పెంట అన్న మాటను ఇవాళ తిట్టుగా వాడుతున్నాము కానీ, రైతుకు అది ఎరువు. పెంటదిబ్బ ఎంత పెద్దదైతే ఆ ఇంటివారికి అంత పశుసంపద ఉన్నట్లు లెక్క. "వ్యర్థం" అనే సంస్కృతపు మాట ప్రభుత్వ కాగితాలలో స్థిరపడిన తరువాతనే అది దేనికీ పనికిరానిదయింది. (ఇలా అనడం కొంత అన్యాయమే. మాట మారినందువల్ల షాంపూ పొట్లం పుట్టలేదు.) పాత మాటలన్నీ ఇంటివి, పొలానివి. కొట్టు చెత్తకు మనకు ఒక్క మాట కూడా లేదు. మన చట్టాలకూ అది కనబడకపోవడంలో ఆశ్చర్యమేముంది?

చట్టం సంగతి కొంచెం చూద్దాము, విసుగైనా సరే. వీధులు ఊడ్పించడం, చెత్త ఎత్తివేయించడం గ్రామపంచాయతీ తప్పనిసరి విధులలో ఉన్నవే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టం ఆ మాట చెబుతుంది. కేంద్రం 2016లో ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. చెత్తను వీధిలో వేయరాదు, తగలబెట్టరాదు, పాతిపెట్టరాదు అని అవి స్పష్టంగా చెప్పాయి. వీధి వ్యాపారి కూడా తన దగ్గర ఒక డబ్బా పెట్టుకోవాలన్నాయి. రోజుకు సగటున 100 కిలోలు మించి చెత్త చేసేవారిని పెద్ద ఉత్పత్తిదారులుగా గుర్తించి వారిమీద వేరే బాధ్యతలు పెట్టాయి. అంతా బాగుంది. అయితే ఆ నియమాల పరిధి ప్రధానంగా నగరాలు, పట్టణాలు, జనగణన లెక్కలో పట్టణాలనిపించుకున్న ఊళ్ళు, తీర్థస్థలాలు, పారిశ్రామిక వాడలు. మామూలు గ్రామపంచాయతీ ఆ గీతకు అవతల ఉండిపోయింది. వాటి స్థానంలో 2026లో వచ్చిన క్రొత్త నియమాలు గ్రామీణ స్థానిక సంస్థలకూ బాధ్యతలు చెబుతున్నాయి. సంతోషమే. కాని ఆ 100 కిలోల గీత అందులోనూ ఉంది.

ఆ గీతను క్రోసూరు వంటి ఊరి బజారుకు తెచ్చి చూడండి. పేరుకు గ్రామమే, కాని మండల కేంద్రం. చుట్టుప్రక్కల పల్లెల మిరప, పత్తి రైతులందరికీ విత్తనం, మందు, బట్ట, మంగళసూత్రం, సెల్‌ఫోను మరమ్మతు, అన్నీ అక్కడే. సత్తెనపల్లి నుండి అచ్చంపేట వైపు పోయే బస్సు దిగితే చాలు, సగం పనులు నడిచి చేసుకోవచ్చు. ఇటువంటి బజారులో ఏ ఒక్క కొట్టూ రోజుకు నూరు కిలోల చెత్త చేయదు. టిఫిను హోటలువాడు పదో పదిహేనో కిలోలు చేస్తాడేమో. కోళ్ళ దుకాణానికి ఈకలు, పేగులు ఉంటాయి. కిరాణా కొట్టుకు రెండు కిలోలు. ఊరికే లెక్కకోసం ఒక్కొక్క కొట్టుకు మూడు కిలోలనుకుందాము. డెబ్బై కొట్లున్న బజారు రోజుకు 210 కిలోలు చేస్తుంది. అంటే బజారు మొత్తం నియమం దృష్టిలో పెద్ద ఉత్పత్తిదారే, కొట్లు మాత్రం ఏ ఒక్కటీ కాదు. డెబ్బైమంది నిర్దోషులు కలిసి చేసిన నేరమన్నమాట.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఊరి బజారును ఒక్క ఉత్పత్తిదారుగా లెక్కించాలి. దానికి ఇళ్ళతో సంబంధం లేని వేరే సేకరణ, వేరే వేళ, వేరే రుసుము ఉండాలి.

వేళ అన్నాను కదా, అది చిన్న విషయంగా కనబడుతుంది కాని అసలు గుట్టంతా అక్కడే ఉంది. పంచాయతీ ట్రాక్టరు గాని, మూడు చక్రాల బండి గాని సాధారణంగా తెల్లవారుజామున బయలుదేరుతుంది. ఇళ్ళకు అది సరైన సమయం. కొట్లు తెరిచేది తొమ్మిదింటికి. చెత్త తయారయ్యేది సాయంత్రానికి. కొట్టు కట్టేసేటప్పుడు బయట పెడితే తెల్లవారేసరికి కుక్కలు, పశువులు లాగి బజారంతా పరుస్తాయి. లోపల పెడితే, కోళ్ళ దుకాణంవాడి సంగతి మీరే ఆలోచించండి. కాబట్టి కొట్టువాడికి మిగిలిన తెలివైన దారి అగ్గిపుల్లే. వాడికి పర్యావరణ స్పృహ లేదని ఉపన్యాసాలివ్వడం కంటే రాత్రి ఏడున్నరకు ఒక బండి నడపడం మేలు.

ఇటువంటి పనులు విదేశాలలోనే సాధ్యమని పెదవి విరిచేవారికి ఒక్క మాట. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో సూర్యాపేట పురపాలక సంఘం వీధి చెత్తకుండీలనే తీసివేసి, తడి పొడి వేరుగా ఇంటింటికీ తిరిగి సేకరించి దేశమంతటా పేరు తెచ్చుకుంది. అప్పటికి ఆ ఊరి జనాభా దాదాపు లక్ష. యంత్రాలు కావు, పూనిక పని చేసిందక్కడ.

ఇక రుసుము. ఈ మాట ఎత్తితే ఆంధ్రదేశంలో కొట్టేంత పని చేస్తారని తెలుసు. 2021 అక్టోబరు 2న విజయవాడలో వందల కొద్దీ బండ్లకు జెండా ఊపి క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలుపెట్టారు. దానితోపాటు పట్టణాలలో ఇళ్ళకు నెలకు 120 రూపాయల దాకా, వ్యాపారాలకు అంతకంటే ఎక్కువగా వినియోగ రుసుము వచ్చింది. జనం దానికి పెట్టిన పేరు చెత్త పన్ను. చట్టంలో ఏ పేరు ఉన్నా, జనం పెట్టిన పేరే గెలిచింది. సరిగ్గా మూడేళ్ళకు, 2024 అక్టోబరు 2న, మచిలీపట్నంలో క్రొత్త ముఖ్యమంత్రి ఆ పన్ను ఎత్తివేస్తున్నట్లు ప్రకటించారు. ఆ ఏడాది చివరికి అది పోయింది. పుట్టుక, మరణశాసనం రెండూ గాంధీ జయంతినాడే. పోయినందుకు సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాడి దగ్గర, బండి వచ్చినా రాకపోయినా, ఫలానా పథకం డబ్బు ఆపుతామని బెదిరించి వసూలు చేసేది ఏదైనా పన్నే, సేవ కాదు.

కాని ఆ గొడవలో ఒక తేడా మరుగున పడిపోయింది. ఇంట్లో చెత్త పుట్టడం బ్రతుకుతో వచ్చేది. కొట్లో చెత్త పుట్టడం లాభంతో వచ్చేది. కరెంటుకు వ్యాపారపు రేటు వేరు అని మనం ఒప్పుకుంటాము. గ్యాసు బండకూ ఒప్పుకుంటాము. చెత్తకు ఎందుకు ఒప్పుకోకూడదు?

బ్రిటనులో ఈ తేడా ఎంత గట్టిదంటే, అక్కడ కొట్టు నడిపే మనవారిని ఎవరినైనా అడగండి, చెబుతారు. 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం వ్యాపారి తన చెత్తను ఇంటి చెత్తతో కలిపి పారవేయరాదు. స్థానిక మండలిని అడిగితే వారు ఏర్పాటు చేయవలసిందే, డబ్బు తీసుకుంటారు. లేదా అనుమతి ఉన్న ప్రైవేటు బండివాణ్ణి పెట్టుకోవచ్చు. చెత్త అప్పగించినట్లు కాగితం తీసుకుని రెండేళ్ళు దాచాలి. ఇంగ్లండులో 2025 మార్చి 31 నుండి పదిమంది అంతకు మించి పనివారున్న ప్రతి వ్యాపారమూ ఆహారపు చెత్తను, మరల వాడదగిన పొడి చెత్తను వేరుచేసి ఇవ్వాలి. చిన్న కొట్లకు 2027 మార్చి 31 దాకా గడువు ఇచ్చారు. అక్కడ దొంగచాటుగా రోడ్డు ప్రక్కన చెత్త పోసిపోయేవారు లేరా అంటే, బోలెడుమంది ఉన్నారు. నేను ఆ దేశాన్ని పొగడటం లేదు. కొట్టు చెత్త కొట్టువాడిదే అనే సూత్రం వారికి ముప్ఫై అయిదేళ్ళ క్రితమే కాగితం మీదికి ఎక్కింది, మనకు ఇంకా నోటి మీదికి కూడా రాలేదు అంటున్నాను.

మనకు మాత్రం అసలు తీసుకునే అలవాటే లేదా? ఉంది. సంతలో తట్ట దించిన ముసలమ్మ దగ్గర కూడా ఆశీలు వసూలు చేస్తారు. ఏడాదికొకసారి ఆశీలు పాట పెడతారు. పాడుకున్నవాడు చీటీ చింపి డబ్బు తీసుకుంటాడు. ఆ పాటల షరతులలో సంత ముగిసిన తరువాత నేల ఊడ్పించి, కుళ్ళిన టమాటాలు, కాబేజీ ఆకులు ఎత్తించే బాధ్యత పాటదారుదే అని ఒక్క వాక్యం చేర్చడానికి ఏ పార్లమెంటు అనుమతీ అక్కరలేదు. కొట్లకైతే పంచాయతీ ఇచ్చే లైసెన్సు ఉండనే ఉంది. మొదట మూడు నెలలు బండి ఉచితంగా నడిపి చూపించండి. నాలుగో నెల అడగండి. హోటలువాడికి ఒకటి, కిరాణావాడికి ఒకటి, టీ బండికి ఒకటి. నా ఎరుకలో కొట్టువాళ్ళు ఊడ్చేవారికి చేతిలో పదో పరకో పెడుతూనే ఉన్నారు. ఆ డబ్బు ఒక రసీదుగా మారితే ఊడ్చే మనిషికి జీతంగా అందుతుంది, దయగా కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, ఆ పని చేసేవారు ఎక్కువగా ఏ వాడలనుండి వస్తారో మనకందరికీ తెలుసు, చెప్పుకోము. 2023 డిసెంబరు చివర పురపాలక పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగి చీపుళ్ళు ప్రక్కన పెట్టినప్పుడు వారం తిరగకుండానే పట్టణాలకు వారి విలువ తెలిసివచ్చింది. సమ్మె ముగియగానే మరచిపోయాము.

పంచాయతీల దగ్గర డబ్బు లేదనే వాదన ఒకటి ఉంది. పూర్తిగా అబద్ధం కాదు. అయితే 2021 నుండి 2026 వరకు 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన నిధులలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండాలని షరతు పెట్టింది. అంతకు ముందు ఉపాధి హామీ నిధులతో రాష్ట్రమంతటా పంచాయతీలలో చెత్త నుండి సంపద తయారీ కేంద్రాలు కట్టారు. రేకుల కప్పు, క్రింద వానపాముల తొట్లు. పేరు ఎంత గొప్పగా ఉందో! వాటిలో ఎన్నో తాళాలు పడి, కలుపు మొలిచి ఉన్నాయి. గోడలు కట్టడానికి డబ్బు వచ్చింది, తొట్టిలో వేయడానికి వేరుచేసిన తడి చెత్త రాలేదు. హోటళ్ళ, కూరగాయల కొట్ల చెత్త వానపాములకు విందుభోజనం. అది పొగలోకి, మురుగుకాలువలోకి పోయింది.

మరి పాత సామాన్లవాడు ముట్టని ప్లాస్టిక్ పొరల సంగతి? ఇక్కడ పల్నాడుకు ఉన్న వసతి అన్ని జిల్లాలకూ లేదు. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాలలో సిమెంటు కొలుములున్నాయి. 1400 డిగ్రీలు దాటిన వేడి అది. నేను కొట్టు మెట్ల ముందు పెట్టిన చలిమంటలో సగం కాలి విషమై లేచే పొర ఆ వేడిలో పూర్తిగా దగ్ధమవుతుంది, బొగ్గును కొంత మిగులుస్తుంది. ఇలా వాడటాన్ని 2016 నియమాలే ప్రోత్సహించాయి. చెత్తతో తయారైన ఇంధనపు కేంద్రానికి 100 కిలోమీటర్ల లోపలున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దానితో నింపాలన్నాయి. కొండవీడు దగ్గర చెత్తతో విద్యుత్తు తీసే కర్మాగారమూ మన జిల్లాలోనే ఉంది. గుంటూరు, విజయవాడల చెత్త మన జిల్లాకు వచ్చి మండుతున్నది. మన బజారు చెత్త బజారులోనే మండుతున్నది.

అన్నిటికంటే ముఖ్యమైనదానిని చివరకు అట్టేపెట్టాను, ఎందుకంటే అది మా కొట్టుదే. పురుగుమందు డబ్బాలు.

1971 నాటి కీటకనాశనుల నియమాలలో ఖాళీ డబ్బాల గురించి ఒక నియమం ఉంది. మళ్ళీ వాడకుండా ఉండేందుకు వాటిని బయట వదలరాదు, పగులగొట్టి జనావాసాలకు దూరంగా పాతిపెట్టాలి అని. మా పెదనాన్న ఆ నియమం వినలేదు. పెద్ద అల్యూమినియం డబ్బాలను కొట్టు వెనుక వరుసగా పేర్చి ఉంచేవారు. అడిగినవారికి ఊరికే ఇచ్చేవారు. మంచి మనసుతోనే. కొందరు కిరసనాయిలుకు తీసుకుపోయేవారు, కొందరు దేనికి తీసుకుపోయేవారో మేము అడగలేదు.

2013 జూలై 16న బీహారు సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలలో తేలింది. పురుగుమందుకు వాడిన డబ్బాలో నూనె పోశారన్నది అప్పట్లో అధికారులు చెప్పిన మాట. మోనోక్రోటోఫాస్ అంటే మా వైపు పత్తి రైతుకు పరిచయం అక్కరలేదు. మా కొట్లో అరలనిండా ఉండేది. ఆ వార్త చదివిన రోజున కొట్టు వెనుక పేర్చిన డబ్బాలు నాకు గుర్తుకు వచ్చాయి. అవి ఎవరెవరి ఇళ్ళకు వెళ్ళాయో లెక్క లేదు. ఏమీ జరగలేదనుకుంటాను. అనుకుంటాను, అంతే.

బ్రెజిలులో 2000 సంవత్సరంలో ఒక చట్టం చేశారు. రైతు ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఏడాదిలోగా తిరిగి ఇవ్వాలి. ఎక్కడ ఇవ్వాలో అమ్మినవాడు బిల్లు మీదనే వ్రాయాలి. పోగైన డబ్బాలను తీసుకుపోయి కరిగించడమో కాల్చడమో తయారీదారు చూసుకోవాలి. కంపెనీలన్నీ కలిసి ఒక సంస్థను పెట్టుకుని 2002 నుండి ఈ పని నడుపుతున్నాయి. పొలానికి వెళ్ళిన ప్లాస్టిక్ డబ్బాలలో పదింట తొమ్మిదికి పైగా తిరిగి వస్తున్నాయి. మన దగ్గర 1971 నుండి రైతును పాతిపెట్టమంటున్నాము. మిరప చేనుకు ఒక పంటకాలంలో ఎన్నిసార్లు మందు కొడతారో తెలిసినవారికి ఆ సలహాలోని హాస్యం అర్థమవుతుంది. ఎన్నని పాతుతాడు? అదే పొలంలో కదా? డబ్బాలు తిరిగి తీసుకునే పని పంచాయతీది కాదు, ట్రాక్టరువాడిది అసలే కాదు. అమ్మినవాడిది, తయారుచేసినవాడిది. బజారు బండిలో వాటిని కలపనే కూడదు.

పెదనాన్న పోయిన తరువాత కొట్టు అన్నయ్య చూస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఈ ఉపన్యాసమంతా అతనికి వినిపించాను. ఓపికగా విన్నాడు. తరువాత లేచి, నన్ను గోదాములోకి తీసుకుపోయి దీపం వేశాడు. మూలన గోనెసంచులు, ఆరో ఏడో, మూతులు కట్టి ఉన్నాయి. నిండా ఖాళీ డబ్బాలు, ప్రతిదానికీ మేకుతో పొడిచిన చిల్లు. రెండేళ్ళుగా తెచ్చి ఇచ్చిన రైతులకు మరుసటి మందు బిల్లులో నాలుగు రూపాయలు తగ్గిస్తున్నాడట.

"కాల్చటం మానేశానురా," అన్నాడు. "పాత సామానోడు అడుగుతున్నాడు గానీ వాడు ఎక్కడ అమ్ముతాడో, ఏం చేస్తారో అని ఇవ్వట్లేదు. కంపెనీ కుర్రాడొస్తే చెప్పా, నవ్వి ఊరుకున్నాడు. ఇంకో రెండు సంచులకి చోటుంది. ఆ తర్వాత ఎక్కడికి పంపించాలో నీకేమన్నా తెలుసా?"